పేరు పెట్టే అధికారం - అమెరికా అధ్యక్ష పదవి పరిణామం

1

ఇంగ్లీషులో 'ప్రెసిడెంట్' అన్నది ఒకటే మాట. తెలుగు పత్రికలు దాన్ని రెండుగా చీల్చుకున్నాయి. ఢిల్లీలో ఉండే ప్రెసిడెంటు రాష్ట్రపతి. వాషింగ్టన్‌లో ఉండే ప్రెసిడెంటు అధ్యక్షుడు. ఈ విభజన ఎవరు మొదలుపెట్టారో గాని, అర్థం దృష్ట్యా చూస్తే తమాషాగా ఉంటుంది. ఏలికను సూచించే 'పతి' శబ్దం మంత్రిమండలి సలహా ప్రకారం నడుచుకోవలసిన పదవికి దక్కింది. సభ నడిపే మనిషికి వాడే 'అధ్యక్షుడు' అనే సాదా మాట అణ్వస్త్రాల మీద ఆజ్ఞాధికారం గల పదవికి దక్కింది. మన సాహిత్య సభల్లో అధ్యక్షుడు చేసే పనేమిటో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. వక్తలను పిలుస్తాడు, కాలం మించితే చీటీ పంపుతాడు, చివర నాలుగు మాటలు చెప్పి ముగిస్తాడు.

విచిత్రమేమంటే, ఆ పదవిని సృష్టించినవారు ఏరుకున్న మాటకు మూలార్థం కూడా సభకు పెద్దగా కూర్చునేవాడనే. 1789లో జార్జి వాషింగ్టన్ తొలి అధ్యక్షుడుగా ప్రమాణం చేసిన రోజుల్లోనే, ఆయన్ని ఏమని సంబోధించాలన్న ప్రశ్న మీద వారాల తరబడి వాదోపవాదాలు జరిగాయి. ఉపాధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఘనమైన బిరుదు ఉండాలని పట్టుబట్టాడు. ప్రెసిడెంట్లు అగ్నిమాపక సంఘాలకూ క్రికెట్ క్లబ్బులకూ కూడా ఉంటారు గదా అని ఆయన బాధ. 'మహోన్నతులు', 'ప్రజల స్వేచ్ఛల సంరక్షకులు' అనే విశేషణాలతో సెనేట్‌లో ఒక పొడుగాటి బిరుదు తయారైంది కూడా. ప్రతినిధుల సభ దానికి ఒప్పుకోలేదు. రాజుతో యుద్ధం చేసి గెలిచిన జనం మళ్లీ రాజలాంఛనాలు మోయడానికి సిద్ధంగా లేరు. బిరుదు చిన్నదైతే అధికారమూ చిన్నదిగా ఉంటుందని వారు నమ్మారు.

ఆ నమ్మకం నిలవలేదు. ఎందుకు నిలవలేదన్నదే ఈ వ్యాసంలో పరిశీలించే విషయం. అమెరికా రాజ్యాంగానికి తర్వాత అనేక సవరణలు వచ్చాయి. వాటిలో అధ్యక్షుడికి సంబంధించినవి ఎన్నిక పద్ధతి గురించీ, పదవీకాలం గురించీ, వారసత్వ క్రమం గురించీ మాట్లాడతాయి. యుద్ధాధికారం ఎవరిదో చెప్పే వాక్యాల్లో 1787 నుంచి ఇప్పటివరకు ఒక్క అక్షరం మారలేదు. అయినా యుద్ధాధికారం ఒక చోటి నుంచి మరో చోటికి తరలిపోయింది. పరిశ్రమల పెరుగుదల, విదేశీ మార్కెట్ల అవసరం, శాశ్వత సైన్యం - ఈ భౌతిక కారణాలు దానికి పునాది అన్న సంగతి చరిత్ర విద్యార్థులందరికీ తెలిసిందే. పునాది గురించి చాలామంది రాశారు. ఆ తరలింపు ఏ ద్వారం గుండా జరిగిందన్నది సాహిత్య విద్యార్థులు పట్టించుకోవలసిన ప్రశ్న. అది భాష అనే ద్వారం. జరుగుతున్న దానికి పేరు పెట్టే హక్కు ఎవరి చేతికి వస్తే, దాన్ని నడిపే అధికారం క్రమంగా వారి చేతికే వచ్చింది.

2

1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాయడానికి కూర్చున్నవారు కార్యనిర్వాహక అధికారం ఒక్క మనిషికి ఇవ్వాలా, కొందరికి కలిపి ఇవ్వాలా అని తర్జనభర్జన పడ్డారు. జేమ్స్ విల్సన్ ఒక్కడే ఉండాలన్నాడు. ఎడ్మండ్ రాండాల్ఫ్ దాన్ని రాజరికపు పిండంతో పోల్చాడు. చివరకు ఒక్కడే అని తేలింది. ఐతే ఆ ఒక్కడి గురించి రాసిన రెండో అధికరణం, శాసనసభ గురించి రాసిన మొదటి అధికరణంలో సగం నిడివి కూడా లేదు. శాసనసభ - వారి భాషలో కాంగ్రెసు - ఏమేమి చేయవచ్చో పద్దు రాసినట్టు రాశారు. అధ్యక్షుడి దగ్గరకు వచ్చేసరికి కార్యనిర్వాహక అధికారం అతనికి చెందుతుందని ఒక్క వాక్యంతో మొదలుపెట్టి, సర్వసైన్యాధ్యక్షుడని చెప్పి, మరికొన్ని పనులు అప్పగించి ఊరుకున్నారు. కార్యనిర్వాహక అధికారం అంటే ఏమిటో నిర్వచించలేదు. ఆ ఖాళీ స్థలంలోకే తర్వాతి చరిత్ర అంతా వచ్చి చేరింది.

ఆగస్టు 17న జరిగిన ఒక చిన్న మార్పు ఇక్కడ ముఖ్యం. ముసాయిదాలో కాంగ్రెసుకు యుద్ధం 'చేసే' అధికారం అని ఉంది. జేమ్స్ మాడిసన్, ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ కలిసి 'చేసే' అన్న మాట తీసి 'ప్రకటించే' అని పెట్టాలన్నారు. శత్రువు హఠాత్తుగా మీద పడితే సభ్యులంతా సమావేశమయ్యేదాకా ఆగడం కుదరదు గనక, దాడిని తిప్పికొట్టే వెసులుబాటు అధ్యక్షుడికి ఉండాలన్నది వారి ఉద్దేశం. సభ ఒప్పుకుంది. తరగతి గదిలో పర్యాయపదాలు చెప్పేటప్పుడు ఏ రెండు మాటలకూ సరిగ్గా ఒకే అర్థం ఉండదని పిల్లలకు చెబుతుంటాం. దానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. ఒక క్రియాపదం మారింది. యుద్ధాన్ని 'ప్రకటించడం' ఒకరి పనీ, 'చేయడం' మరొకరి పనీ కాగల అవకాశం పుట్టింది. ప్రకటించకుండా చేయవచ్చునా అన్న ప్రశ్నకు ఆనాడు జవాబు రాసిపెట్టలేదు.

ఆరేళ్లకే ఆ ప్రశ్న ఎదురైంది. 1793లో ఫ్రాన్సు, బ్రిటన్‌ల యుద్ధంలో ఎవరి పక్షమూ చేరబోమని వాషింగ్టన్ ఒక ప్రకటన చేశాడు. దాన్ని చరిత్రకారులు తటస్థతా ప్రకటన అంటారు గాని, ఆ పాఠంలో 'తటస్థత' అనే మాట లేదు, తెలిసే తప్పించారు. శాసనసభను అడగకుండా అధ్యక్షుడు అటువంటి ప్రకటన చేయవచ్చునా? హామిల్టన్ 'పసిఫికస్' అనే కలంపేరుతో చేయవచ్చునని రాశాడు. మాడిసన్ 'హెల్విడియస్' అనే కలంపేరుతో ఖండించాడు. అధ్యక్షుడి అధికారాల మీద తొలి పెద్ద చర్చ న్యాయస్థానంలో జరగలేదు. పత్రికల్లో, మారుపేర్లతో రాసిన వ్యాసాల్లో జరిగింది. ఆ పదవి చరిత్రలో రచయితకు మొదటి నుంచీ స్థానం ఉందన్న సంగతి మనం గుర్తుంచుకోదగ్గది.

1801లో అధ్యక్షుడైన జెఫర్సన్ ఏటా స్వయంగా కాంగ్రెసుకు వెళ్లి ఉపన్యసించే ఆచారం మానేశాడు. అది సింహాసనం మీది నుంచి రాజు చేసే ప్రసంగంలా ఉంటుందని ఆయన అభ్యంతరం. సందేశం రాసి పంపితే గుమాస్తా చదివేవాడు. నూట పన్నెండేళ్లపాటు, అంటే 1913 దాకా, అదే పద్ధతి నడిచింది. 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌ను అభిశంసించినప్పుడు మోపిన ఆరోపణల్లో పదోది, ఆయన ఊరూరా తిరుగుతూ కాంగ్రెసును తూలనాడే ఉపన్యాసాలు చేశాడన్నది. సెనేట్‌లో ఒక్క ఓటు తక్కువై బయటపడ్డాడు. జనంతో నేరుగా మాట్లాడటమే ఒకనాడు అధ్యక్షుడి మీద నేరారోపణ అయిందని ఈనాటి పాఠకుడికి నమ్మశక్యం కాదు.

3

పేరు పెట్టడం ద్వారా యుద్ధం తెచ్చిన తొలి ఉదాహరణ 1846 నాటిది. టెక్సాస్ సరిహద్దు న్యూసెస్ నది దగ్గరా, ఇంకా దక్షిణాన రియో గ్రాండే దగ్గరా అన్నది అప్పటికి తేలని తగాదా. అధ్యక్షుడు పోల్క్ ఆ వివాదాస్పద భూమిలోకి సైన్యాన్ని పంపాడు. ఏప్రిల్‌లో మెక్సికో సైనికులతో ఘర్షణ జరిగి కొందరు చనిపోయారు. మే 11న పోల్క్ కాంగ్రెసుకు సందేశం పంపుతూ, అమెరికా గడ్డ మీద అమెరికన్ల రక్తం చిందిందనీ, యుద్ధం అప్పటికే వచ్చేసిందనీ చెప్పాడు. కాంగ్రెసు రెండు రోజుల్లో ఆమోదించింది. యుద్ధాన్ని ప్రకటించే అధికారం కాగితం మీద వారిదే. ఐతే ప్రకటించడానికి ఏమీ మిగలకుండా సంఘటనకు పేరు ముందే పెట్టేశారు. ఆ యుద్ధం ముగిసేసరికి మెక్సికో తన భూభాగంలో దాదాపు సగం పోగొట్టుకుంది.

1847 డిసెంబరులో ఇల్లినాయి నుంచి కొత్తగా వచ్చిన ఒక సభ్యుడు ప్రతినిధుల సభలో కొన్ని ప్రశ్నలు పెట్టాడు. రక్తం చిందిన ఆ చోటు ఏది? అది ఎవరి నేల? అక్కడి జనం ఏ ప్రభుత్వానికి పన్నులు కట్టేవారు? ఆ సభ్యుడి పేరు అబ్రహాం లింకన్. ఆ ప్రశ్నలకు జవాబు రాలేదు. ఆయన్ని 'చోటు లింకన్' అని ఎగతాళి చేశారు. ఐనా 1848 జనవరిలో ప్రతినిధుల సభ 85-81 ఓట్లతో ఆ యుద్ధాన్ని అధ్యక్షుడు అనవసరంగా, రాజ్యాంగ విరుద్ధంగా మొదలుపెట్టాడని తీర్మానించింది. సభ వెలుపల హెన్రీ థోరో యుద్ధానికీ బానిసత్వానికీ నిరసనగా పన్ను కట్టక 1846లో ఒక రాత్రి జైల్లో గడిపాడు. 1849లో అచ్చయిన ఆయన వ్యాసం తర్వాత గాంధీ చేతికి వచ్చింది. ఒక అధ్యక్షుడు పంపిన యుద్ధ సందేశం మీద పుట్టిన నిరసన రచన మన జాతీయోద్యమం దాకా ప్రయాణించిందన్నమాట.

చరిత్ర ఇక్కడ ఒక వైరుధ్యాన్ని ముందు పెడుతుంది. పోల్క్‌ను నిలదీసిన లింకనే 1861లో అధ్యక్షుడుగా, అంతవరకు ఎవరూ చేయనంత పని కాంగ్రెసును సమావేశపరచకుండా చేశాడు. ఏప్రిల్ 15న 75,000 మంది సైనికుల కోసం పిలుపు ఇచ్చాడు. 19న దక్షిణాది రేవులకు దిగ్బంధం ప్రకటించాడు. నిర్బంధితులను కోర్టు ముందు హాజరుపరచాలనే హెబియస్ కార్పస్ హక్కును కొన్ని ప్రాంతాల్లో నిలిపివేశాడు. కాంగ్రెసు కూర్చున్నది జూలై 4న. ఆయన దాన్ని యుద్ధమనలేదు, తిరుగుబాటు అన్నాడు. యుద్ధమంటే దక్షిణాదిని వేరే దేశంగా ఒప్పుకున్నట్టవుతుంది. దిగ్బంధమేమో దేశాల మధ్య యుద్ధానికి సంబంధించిన చర్య. ఈ రెండు పేర్లూ ఒకదానితో ఒకటి పొసగవు. 1863లో సుప్రీం కోర్టు 5-4 తేడాతో ఆయన పక్షాన తీర్పు చెప్పింది.

ఐతే అదే యుద్ధాధికారంతో 1863 జనవరి 1న తిరుగుబాటు ప్రాంతాల్లోని బానిసలు స్వతంత్రులని లింకన్ ప్రకటించాడు. మామూలు కాలంలో అధ్యక్షుడికి ఆ హక్కు లేదు. సర్వసైన్యాధిపతిగా, యుద్ధావసరంగా చేశాడు గనకనే అది తిరుగుబాటులో చేరని బానిస రాష్ట్రాలకు వర్తించలేదు. పూర్తి విముక్తికి 1865 నాటి పదమూడో సవరణ కావలసి వచ్చింది. కనుక అధ్యక్షుడి అధికార విస్తరణ అంతా ప్రజావ్యతిరేకమేనని ఒక్క మాటతో తేల్చివేయడం చరిత్రకు న్యాయం చేయడం కాదు. లక్షలాది బానిసల పలాయనం, నల్లజాతి సైనికుల పోరాటం ఒత్తిడి చేసిన చోట ఆ అధికారం ముందుకు నడిచింది. ఒత్తిడి లేని చోట ఏం చేసిందో తర్వాతి శతాబ్దం చెబుతుంది.

4

1898 డిసెంబరులో అధ్యక్షుడు మెకిన్లీ ఫిలిప్పీన్స్ గురించి చేసిన ప్రకటనలో, అమెరికా ఆ దీవులను దయతో కలుపుకుంటున్నదనే అర్థం వచ్చే మాట వాడాడు. ఆ తర్వాత 1899 నుంచి 1902 దాకా సాగిన యుద్ధానికి ప్రభుత్వం పెట్టిన పేరు 'తిరుగుబాటు'. తమ సొంత నేల మీద స్వాతంత్య్రం ప్రకటించుకున్న ఫిలిప్పీనోలు ఎవరి మీద తిరుగుబాటు చేసినట్టు? ఈ ప్రశ్న అడిగిన రచయిత మార్క్ ట్వైన్. మనం పిల్లల పుస్తకాల హాస్య రచయితగా మాత్రమే ఎరిగిన ట్వైన్ 1901 నుంచి చనిపోయేదాకా సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘానికి ఉపాధ్యక్షుడు. యుద్ధంలో గెలిపించమని చేసే ప్రార్థన మీద ఆయన రాసిన రచన ఆయన జీవించి ఉండగా అచ్చు కాలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో అధ్యక్షుడు స్వయంగా వేదిక ఎక్కాడు. థియొడర్ రూజ్వెల్ట్ తన పదవిని ప్రచార వేదికగా భావించి విలేఖరులను చేరదీశాడు. వుడ్రో విల్సన్ 1913లో జెఫర్సన్ మానిపించిన ఆచారాన్ని తిరగదోడి, కాంగ్రెసు ముందు స్వయంగా ప్రసంగించాడు. 1917లో యుద్ధంలో దిగగానే ఆయన ప్రభుత్వం ఒక ప్రచార కమిటీ ఏర్పరచింది. సినిమా హాళ్లలో రీలు మార్చే నాలుగు నిమిషాల విరామంలో యుద్ధానికి అనుకూలంగా మాట్లాడటానికి సుమారు 75,000 మంది వక్తలను తయారుచేసింది. మరోపక్క 1918 జూన్‌లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో యుద్ధాన్ని విమర్శిస్తూ ఉపన్యసించినందుకు సోషలిస్టు నాయకుడు యూజిన్ డెబ్స్‌కు పదేళ్ల శిక్ష పడింది. 1920లో ఆయన జైల్లో నుంచే అధ్యక్ష పదవికి పోటీచేసి తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు సంపాదించాడు. విల్సన్ క్షమించలేదు. తర్వాతి అధ్యక్షుడు హార్డింగ్ 1921 క్రిస్మస్ నాడు విడుదల చేశాడు. వేదిక అధ్యక్షుడిదైన రోజుల్లో ఎదురు మాట జైల్లో ఉంది.

రేడియో వచ్చాక వేదిక ఇంట్లోకి వచ్చింది. 1933 మార్చి 12 ఆదివారం రాత్రి ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ బ్యాంకులు ఎలా పనిచేస్తాయో సామాన్యుడి భాషలో వివరించాడు. మూతబడిన బ్యాంకులు మర్నాటి నుంచి తెరుచుకుంటుంటే, భయపడి డబ్బు తీసుకున్న జనమే మళ్లీ తెచ్చి వేశారు. ఆ భాషలో దాపరికం లేదు, వివరణ ఉంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వారసులకు దాని విలువ తెలుస్తుంది.

అదే అధ్యక్షుడు 1942 ఫిబ్రవరి 19న సంతకం చేసిన 9066వ కార్యనిర్వాహక ఉత్తర్వు చదివితే భాష మరో రూపంలో కనిపిస్తుంది. ఆ ఉత్తర్వు ఫలితంగా పడమటి తీరంలోని జపాను సంతతివారు సుమారు 1,20,000 మంది ముళ్లకంచెల వెనక్కి వెళ్లారు. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే. ఐతే ఉత్తర్వు పాఠంలో 'జపాను' అన్న మాటే లేదు. సైనిక ప్రాంతాల నుంచి ఎవరినైనా తొలగించవచ్చునని మాత్రం ఉంది. ఆ నిర్బంధ శిబిరాలకు పెట్టిన పేరు పునరావాస కేంద్రాలు. 1944లో సుప్రీం కోర్టు దీన్ని సమర్థించింది. 1988లో గాని ప్రభుత్వం చట్టం చేసి క్షమాపణ చెప్పలేదు.

5

అమెరికా కాంగ్రెసు చివరిసారిగా యుద్ధం ప్రకటించింది 1942 జూన్‌లో - బల్గేరియా, హంగెరీ, రుమేనియాల మీద. ఆ తర్వాత ఇప్పటిదాకా ప్రకటించనే లేదు. కొరియా, వియత్నాం, ఇరాక్, అఫ్ఘానిస్తాన్ - ఇవేవీ రాజ్యాంగం చెప్పిన అర్థంలో 'ప్రకటిత' యుద్ధాలు కావు. 1789 నుంచి ఉన్న యుద్ధ శాఖ పేరు 1947లో పోయింది. 1949లో 'రక్షణ శాఖ' అనే పేరు వచ్చింది. యుద్ధం అనే మాట కార్యాలయాల నుంచి తప్పుకున్న కాలమూ, ప్రకటించని యుద్ధాలు మొదలైన కాలమూ ఒకటే.

1950 జూన్ 25న ఉత్తర కొరియా సైన్యాలు దక్షిణానికి దిగాయి. ట్రూమన్ కాంగ్రెసు ఓటు అడగకుండానే సైన్యాన్ని దింపాడు. 29న విలేఖరుల సమావేశంలో, మనం యుద్ధంలో లేమని ఆయన అన్నాడు. అలాగైతే దీన్ని ఐక్యరాజ్యసమితి తరఫున జరిగే 'పోలీసు చర్య' అనవచ్చునా అని ఒక విలేఖరి అడిగితే, అనవచ్చునని ఒప్పుకున్నాడు. మూడేళ్లు సాగిన ఆ 'పోలీసు చర్య'లో 36,000 మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. చనిపోయిన కొరియన్లు లక్షల్లో ఉన్నారు.

'పోలీసు చర్య' - ఈ మాట తెలుగువారికి కొత్త కాదు. ట్రూమన్ ఒప్పుకోవడానికి రెండేళ్ల ముందే, 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించినప్పుడు దానికి ప్రభుత్వం పెట్టిన పేరు అదే. నడిపింది సైన్యం, టాంకులు వచ్చాయి. సైన్యం లోలోపల పెట్టుకున్న పేరు 'ఆపరేషన్ పోలో'. బయటికి మాత్రం పోలీసు చర్య. నిజాం ప్రభుత్వం అప్పటికే భద్రతా సమితికి ఫిర్యాదు చేసి ఉంది. ఇది రెండు దేశాల మధ్య వ్యవహారం కాదు, ఇంటి లోపలి శాంతిభద్రతల సమస్య అని చెప్పడానికి ఆ పేరు అవసరమైంది. ఒకే మాట ఢిల్లీలో ఐక్యరాజ్యసమితిని దూరంగా పెట్టడానికి పనికొచ్చింది. వాషింగ్టన్‌లో ఐక్యరాజ్యసమితి పేరు చెప్పి స్వదేశపు శాసనసభను దూరంగా పెట్టడానికి పనికొచ్చింది.

రెండు సందర్భాలూ ఒకటేనని నా వాదన కాదు. నిజాం నిరంకుశత్వం, రజాకార్ల దౌర్జన్యం అంతమైతే తెలంగాణ ప్రజలు ఊపిరి పీల్చుకున్నారు. ఐతే ఆ పేరు కింద ఇంకేమేమి జరిగాయో కూడా చరిత్రే. అదే సైన్యం దొరల భూములు పంచుకున్న రైతుల మీదకు తిరిగింది. సాయుధ పోరాటం 1951 అక్టోబరులో విరమించేదాకా గ్రామాల్లో నిర్బంధం సాగింది. పోలీసు చర్య వెనువెంట ముస్లింల మీద జరిగిన హత్యాకాండను గురించి సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు ప్రజలకు అందలేదు. 'చర్య' అన్న మాటకు అంతం ఉంటుంది, అనుభవానికి ఉండదు. అందుకే తెలంగాణ కథ, నవల ఆ మాటను అలాగే స్వీకరించక దాని లోపలికి తొంగిచూశాయి. అమెరికా అధ్యక్షుడి పదకోశాన్ని చదవడానికి ఈ అనుభవం మనకు పనికొస్తుంది.

కొరియా తర్వాత పేర్ల వరస ఆగలేదు. 1962 అక్టోబరు 22న కెనడీ క్యూబా చుట్టూ నౌకలు మోహరించి, దాన్ని దిగ్బంధం అనకుండా 'క్వారంటైన్' అన్నాడు. దిగ్బంధం అంతర్జాతీయ న్యాయంలో యుద్ధచర్య; క్వారంటైన్ అంటు రోగానికి చేసే కట్టడి. ఆనాటి పరిస్థితిలో ఆ మెత్తటి మాట ప్రపంచాన్ని అణుయుద్ధం అంచు నుంచి వెనక్కి లాగడానికి తోడ్పడిందని కూడా ఒప్పుకోవాలి. కాని 1964 ఆగస్టు నాటి మాట మరో రకం. టాంకిన్ సింధుశాఖలో అమెరికా ఓడల మీద రెండుసార్లు దాడి జరిగిందని జాన్సన్ ప్రభుత్వం చెప్పింది. ఆగస్టు 7న కాంగ్రెసు అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చునని తీర్మానించింది. ప్రతినిధుల సభలో 416-0. సెనేట్‌లో 88-2. వ్యతిరేకించినవారు మోర్స్, గ్రూనింగ్ అనే ఇద్దరే. ఆగస్టు 4న జరిగిందన్న రెండో దాడి జరగనే లేదని తర్వాత ప్రభుత్వ పత్రాలే బయటపెట్టాయి. పోల్క్ చెప్పిన 'చోటు' నిజానికి వివాదాస్పదం. జాన్సన్ చెప్పిన సంఘటన అసలు లేదు. నూటపద్దెనిమిదేళ్లలో జరిగిన ప్రయాణం అది.

వియత్నాం గురించి తెలుగులో వెలువడిన కవిత్వం తక్కువేమీ కాదు. ఆ కవిత్వం బాంబులను చూసింది, తల్లులను చూసింది, గెరిల్లాలను చూసింది. బాంబులకు ముందు నడిచిన తీర్మానపు వాక్యాన్ని అంతగా చూడలేదు. 1970 ఏప్రిల్ 30న నిక్సన్ కంబోడియాలోకి సైన్యాన్ని పంపి, దాన్ని ఆక్రమణ కాదన్నాడు. ఆయన ప్రభుత్వం 'చొరబాటు' అనే మాట వాడుకలోకి తెచ్చింది. అప్పటికే ఏడాదికి పైగా అక్కడ రహస్యంగా బాంబులు కురుస్తున్నాయి. వాటికైతే బయటికి చెప్పిన పేరు కూడా లేదు. నాలుగు రోజుల తర్వాత ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నిరసన తెలుపుతున్న విద్యార్థుల మీద నేషనల్ గార్డు కాల్పులు జరిపితే నలుగురు చనిపోయారు.

6

దీనికి అడ్డుకట్టలు లేకపోలేదు. 1952లో సమ్మె నివారణకని ట్రూమన్ ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకుంటే సుప్రీం కోర్టు 6-3 తీర్పుతో కొట్టివేసింది. 1971లో పెంటగన్ పత్రాల ప్రచురణను ఆపాలన్న ప్రభుత్వ ప్రయత్నం కోర్టులో ఓడింది. 1974 జూలైలో నిక్సన్ టేపులు అప్పగించాలని కోర్టు ఏకగ్రీవంగా ఆదేశించింది. ఆగస్టు 9న ఆయన రాజీనామా చేశాడు. 1973 నవంబరులో నిక్సన్ వీటోను తోసిరాజని కాంగ్రెసు యుద్ధాధికారాల చట్టం చేసింది. సైన్యాన్ని శత్రుచర్యల్లోకి దింపిన 48 గంటల్లో కాంగ్రెసుకు తెలియజేయాలి. అనుమతి రాకపోతే 60 రోజుల్లో, అవసరమైతే మరో 30 రోజుల్లో వెనక్కి తీసుకోవాలి.

చట్టం కూడా మాటలతోనే గదా రాసేది. 2011లో లిబియా మీద బాంబుదాడులు మొదలై 60 రోజులు దాటాక, నేల మీద మన సైనికులు లేరు గనక ఇవి చట్టం చెప్పిన 'శత్రుచర్యలు' కావని ఒబామా ప్రభుత్వం వాదించింది. 2001 సెప్టెంబరులో కాంగ్రెసు ఇచ్చిన అనుమతి ఆ నెల 11న జరిగిన దాడులు చేసినవారికీ, వారికి ఆశ్రయమిచ్చినవారికీ పరిమితమైనది. ప్రతినిధుల సభలో వ్యతిరేకించింది బార్బరా లీ ఒక్కరే. ఆ పాఠంలో లేని 'సహచర బలగాలు' అనే పదబంధాన్ని చేర్చి చదివి, తర్వాత వచ్చిన ఉభయ పార్టీల అధ్యక్షులు దాన్ని అనేక దేశాలకు విస్తరించారు. వ్యాఖ్యానం మూలాన్ని మింగివేయడం సాహిత్య విద్యార్థులు ఎరుగని సంగతి కాదు.

2024 జూలై 1న సుప్రీం కోర్టు 6-3 తీర్పులో, రాజ్యాంగం అప్పగించిన మౌలిక అధికారాల విషయంలో మాజీ అధ్యక్షుణ్ణి క్రిమినల్ విచారణకు గురిచేయరాదనీ, ఇతర అధికారిక చర్యలకు కూడా ప్రాథమికంగా రక్షణ ఉంటుందనీ చెప్పింది. అధ్యక్షుణ్ణి చట్టానికి పైనున్న రాజును చేశారని న్యాయమూర్తి సోటోమయోర్ భిన్నాభిప్రాయం రాశారు. ఇప్పుడు 'అధికారిక చర్య' అన్న రెండు మాటల అర్థం మీద ఆ పదవి జవాబుదారీతనం వేలాడుతున్నది. 2025 సెప్టెంబరు 5న ట్రంప్ ఉత్తర్వుతో రక్షణ శాఖకు 'యుద్ధ శాఖ' అనే పాత పేరు రెండో పేరుగా తిరిగి వచ్చింది. పేరు తిరిగి వచ్చింది గాని, యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెసుకు తిరిగి రాలేదు. అదే నెల 19న వెలువడిన మరో ప్రకటన కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము విధించింది. అది ఇప్పటికే వీసా ఉన్నవారికి కూడా వర్తిస్తుందా అన్న సంగతి మర్నాటికి గాని స్పష్టం కాలేదు. ఆ ఒక్క రోజు సందిగ్ధతకే గుంటూరు నుంచి కరీంనగర్ దాకా ఎన్ని ఇళ్లలో నిద్ర పట్టలేదో మనకు తెలుసు. అధ్యక్షుడి వాక్యం అస్పష్టంగా ఉండటం కూడా ఒక అధికారమే.

ఈ చరిత్ర నుంచి రచయితలు గ్రహించవలసినది ఒకటుంది. అధికారం పెరిగిన ప్రతి మలుపు దగ్గరా ఎవరో ఒకరు మాట అర్థం అడిగారు. ట్వైన్ 'తిరుగుబాటు' అంటే ఏమిటన్నాడు. మోర్స్, గ్రూనింగ్ 'అవసరమైన చర్యలు' అంటే ఎక్కడిదాకా అన్నారు. చాలాసార్లు వారు ఓడిపోయారు. ఐనా ఆ ప్రశ్నలు నమోదై ఉన్నాయి గనకనే తర్వాతి తరాలు నిజం రాబట్టుకోగలిగాయి. 1847లో ఎగతాళికి గురైన ప్రశ్న - రక్తం చిందిన ఆ చోటు ఏది, ఆ నేల ఎవరిది - విమర్శకుడు వేయవలసిన మొదటి ప్రశ్న కూడా అదే. వాషింగ్టన్ నుంచి వచ్చే వాక్యానికైనా, ఢిల్లీ నుంచి వచ్చే వాక్యానికైనా, హైదరాబాదు నుంచి వచ్చే వాక్యానికైనా దాన్ని వేయడం మానుకోకూడదు.